మట్టి అంటని క్వాట్రో

అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, గచ్చిబౌలి దాకా రెండు వందల స్పీడు లాగి, మీటరు వీడియో తీసి స్టేటస్‌లో పెట్టేవాణ్ని కార్ల పిచ్చోడు అనడం ఇకనైనా ఆపండి. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి అంతకన్నా అవమానం లేదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద సిగ్నల్ లేదు, ఎదురొచ్చే బండి లేదు, మలుపు అనదగ్గ మలుపు లేదు. కుడికాలికి తప్ప ఒంట్లో ఏ అవయవానికీ పని లేదు. ఎనభై లక్షల జర్మన్ కారు అక్కడ చట్టప్రకారం పోగలిగింది 120. ఎనిమిది లక్షల కారూ అంతే పోతుంది. ఆ పైన పోయినవాడు నైపుణ్యం చూపించినట్టు కాదు, లెఫ్ట్ లేన్‌లో లైట్లు లేకుండా ఏ లారీ ఆగి ఉండకూడదని మొక్కుకున్నట్టు. 2017 జూన్‌లో కొత్వాల్‌గూడ దగ్గర ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్ది ఒక తెలుగు నటుడు చనిపోయాడు. లారీ ఛాసీకి బ్రాండ్‌తో పని లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యూరప్ కారుకి ఇవాళ ఉన్న గౌరవం ఎక్స్‌ప్రెస్‌వేల మీద రాలేదు. మూసేసిన పల్లె రోడ్ల మీద, మట్టిలో, మంచులో, గులకరాళ్లలో, గడియారంతో పోటీ పడి వచ్చింది. దాని పేరు ర్యాలీ. ఆ ర్యాలీని అక్కడే వదిలేసి, బ్యాడ్జీని మాత్రం మనం దిగుమతి చేసుకున్నాం. అందుకే మన ఊళ్లో కార్లు పెరుగుతున్నాయి, డ్రైవర్లు తయారవడం లేదు.

క్వాట్రో సంగతే తీసుకోండి. జూబ్లీహిల్స్ నుంచి ఎయిర్‌పోర్టుకి రోజూ ఎన్ని ఆడీలు వస్తాయో, వాటిలో ఎన్నింటి వెనక ఆ పేరు మెరుస్తుందో చూడండి. ఆడీ వాళ్లు 1980లో ఆ కారుని తెచ్చినప్పుడు నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం ఇచ్చే పద్ధతి జీపులకి తప్ప కార్లకి పనికిరాదని పెద్ద పెద్ద ఇంజనీర్లే అన్నారు. 1981లో దాన్ని ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లోకి దించారు. ఆ ఏడాదే ఇటలీలోని శాన్రెమో ర్యాలీని ఫ్రాన్స్ అమ్మాయి మిషెల్ మూటాన్ గెలిచింది. ఆ చాంపియన్‌షిప్‌లో ఒక ఆడమనిషి ర్యాలీ గెలవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది పోర్చుగల్, గ్రీసు, బ్రెజిల్‌లలో గెలిచి ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచింది. వెనక చక్రాలతో నడిచే కార్లన్నీ మట్టిలో జారుతుంటే ఆమె కారు మలుపులోంచి తాడు కట్టి లాగినట్టు బయటికొచ్చేది. క్వాట్రో పేరుకి విలువ తెచ్చింది ఆ మట్టి. మన దగ్గర అదే పేరున్న కారు జన్మలో చూసే మట్టి ఏది? ఫంక్షన్ హాల్ పార్కింగ్. పెళ్లికి తప్ప బీరువా దిగని పట్టుచీరకి, దానికి తేడా ఏముంది?

లాన్సియా డెల్టా ఇంకో పాఠం. ఫ్యామిలీ హ్యాచ్‌బ్యాక్ అది, ఐదు తలుపులు, నలుగురు మనుషులు. 1987 నుంచి 1992 దాకా వరుసగా ఆరేళ్లు తయారీదారుల టైటిల్ దానిదే. అప్పటి నియమం ఏమిటంటే, ర్యాలీకి తేవాలనుకున్న కారుని ముందు ఐదు వేల బండ్లు తయారుచేసి మామూలు జనానికి అమ్మాలి. అంటే కొండ మీద గెలవడానికి ఇంజనీరు కనిపెట్టింది కిరాణా సామాన్లు తెచ్చుకునేవాడి కారులోకీ రావాల్సిందే. సస్పెన్షన్, బ్రేకులు, టర్బో, స్టీరింగ్ చేతికి చెప్పే కబురు, అన్నీ ఆ దారినే వచ్చాయి. మనం షోరూంలో కూర్చుని "ఫీల్ వేరుంటది సార్" అని మురిసిపోయే ఆ ఫీల్‌కి పుట్టిల్లు అదే.

మనవాళ్లకి ఇదంతా కొత్తా? కానే కాదు. జోగీందర్ సింగ్ అని కెన్యాలో స్థిరపడ్డ పంజాబీ కుటుంబం మనిషి, మెకానిక్. 1965లో ఆఫ్రికా సఫారీ ర్యాలీని ఆయన గెలిచింది వోల్వోలో. అదీ కంపెనీ వాడేసి అమ్మేసిన పాత కారు. ఆ తర్వాత 1974లో, 1976లో మిత్సుబిషి లాన్సర్‌తో మళ్లీ గెలిచాడు. సఫారీ అంటే వేల కిలోమీటర్ల దుమ్ము, బురద, వాగులు, దారికి అడ్డం పడే జంతువులు. అలాంటి చోట వోల్వోకి పేరు తెచ్చింది పగిడీ కట్టుకున్న ఒక మెకానిక్. మన వోల్వో ఓనరుకి ఆ పేరు చెప్పి చూడండి. "ఎవరు, క్రికెటరా?" అంటాడు.

జర్మన్ కారు అంటే ట్యాంకు అనే మూఢనమ్మకం కూడా ఒకటి ఉంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దేశంలో అమ్మే కార్లని గోడకి గుద్ది చూశారు. ఎయిర్‌బ్యాగులు లేని ఫోక్స్‌వాగన్ పోలోకి పెద్దవాళ్ల రక్షణలో వచ్చింది సున్నా. ఆల్టోకీ, నానోకీ వచ్చిన సున్నానే. రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టిన పోలోకి నాలుగు స్టార్లు వచ్చాయి. పరువు పోయాక ఎయిర్‌బ్యాగులు లేని పోలోని కంపెనీ ఆపేసింది. యూరప్‌లో అమ్మడానికి సిగ్గుపడే కారుని ఇక్కడ అమ్మడానికి వాళ్లకి సిగ్గు లేకపోయింది, తలుపు దబ్బుమని పడే చప్పుడు విని "అబ్బ, బిల్డ్ చూడు" అని కొనడానికి మనకీ లేకపోయింది. 2018 డిసెంబర్‌లో అదే పరీక్షలో ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు టాటా నెక్సాన్. 2015లో డీజిల్ పొగ పరీక్షల్ని సాఫ్ట్‌వేర్‌తో మోసం చేసి ప్రపంచం ముందు దొరికిపోయింది ఏ దేశం కంపెనీయో నేను చెప్పక్కర్లేదు. భక్తి ఉండొచ్చు, గుడ్డి భక్తి వద్దు.

ఇంకో తమాషా. యూరప్ కారుని నిజంగా అరగదీసి నడిపినవాళ్లు మన దగ్గర ఎవరో తెలుసా? ట్యాక్సీ డ్రైవర్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ డీజిల్ డిజైర్ల బానెట్ కింద ఉన్నది ఫియట్ 1.3 ఇంజిన్. మారుతి లైసెన్సు మీద ఇక్కడే తయారుచేసింది, టాటా వాళ్లూ వాడారు. 2020లో బీఎస్-6 నిబంధన వచ్చేదాకా దేశంలో సగం చిన్న డీజిల్ కార్ల గుండె అదేనా అనిపించేది. కర్నూలు, అనంతపురం, తిరుపతి అంటూ లక్షల కిలోమీటర్లు తిప్పి దాన్ని బతికించుకున్నది యూనిఫాం వేసుకున్న అన్నలు. వెనక సీట్లో కూర్చుని "డబ్బా బండి" అని ముఖం చిట్లించే సార్‌కి తను ఎక్కింది ఇటలీ ఇంజిన్ అని తెలియదు. ఆ ఫియట్ తన పేరుతో అమ్మిన పుంటోని మాత్రం మనం పట్టించుకోలేదు. ఎందుకంటే స్టీరింగ్ బాగుంటుంది తప్ప స్క్రీన్ చిన్నది.

మన అభిరుచి ఎక్కడ ఉందో కారు పైన కాదు, కింద చూస్తే తెలుస్తుంది. గగన్‌పహాడ్‌లో హైవే పక్క సందులో ఒక మెకానిక్ ఉన్నాడు. పేరు చెప్పను, చెబితే నా బండికి వంతు రాదు. ఈమధ్య అక్కడికి వెళ్లేసరికి ర్యాంపు మీద ఒక ఖరీదైన కారు. పైన ఈగ వాలితే జారిపోయేంత మెరుపు. కింద ముందు చక్రం దగ్గర లోయర్ ఆర్మ్ బుష్ నిలువునా చీలిపోయి ఉంది. అతను ఇనుప రాడ్డు పెట్టి కదిపితే చక్రం మొత్తం ముందుకీ వెనక్కీ ఊగింది. టైరు బయటి అంచు కొత్తదానిలా ఉంది, లోపలి అంచు వైర్లు తేలి ఉంది.

"ఇగో చూడన్నా," అన్నాడు. "పెయింటుకు గీత పడొద్దని లక్షన్నర పెట్టి ప్లాస్టిక్ పొర ఏపిచ్చిండు. గింత రబ్బరు ముక్క మార్చుమంటే 'ఇప్పుడొద్దులే, నడుస్తుంది కదా' అంటుండు. బ్రేకు గట్టిగ కొడితే బండి ఎటు పోతదో దేవునికే తెల్వాలె."

అదే బండితో ఆ ఓనరు ఔటర్ మీద ఎంత స్పీడు పోతాడో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

నేను ఒక షోరూంలో కారు కింది సంగతులే అడిగాను. ఈ మోడల్‌కి మన రోడ్ల కోసం స్ప్రింగులు మార్చారా, ఎత్తు ఎంత పెంచారు, వెనక సస్పెన్షన్ ఏ రకం అని. టై కట్టుకున్న కుర్రాడు పాపం చాలా మర్యాదగా, "సార్, యాంబియంట్ లైటింగ్‌లో అరవై నాలుగు రంగులున్నాయి" అన్నాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు. అతనికి రోజూ పడే ప్రశ్నలకి అతని దగ్గర జవాబులున్నాయి.

"మన రోడ్లు బాగుంటే కదా!" అని వెంటనే ఒక ఏడుపు వినిపిస్తుంది. రోడ్ల సంగతి గగన్‌పహాడ్‌ వాళ్లకి చెప్పకండి. 2020 అక్టోబర్ 13 రాత్రి అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవేనే కోసుకుపోయింది. కార్లు, లారీలు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు. ఆ చెరువులో లేచిన కట్టడాల్లో కొన్నింటిని 2024 ఆగస్టులో ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి కూల్చింది. ఆ పాపం అధికారులది, కబ్జాదారులది. దాన్ని వదలమని నేననను. కానీ మీరు రోడ్డు బాగాలేదని ఏడుస్తున్నది మనుషుల కోసం కాదు, అల్లాయ్ వీల్ కోసం. ర్యాలీ పుట్టిందే బాగాలేని రోడ్ల మీద. ఫిన్లాండ్ అడవి బాటలు, కెన్యా దుమ్ము, గ్రీసు కొండల రాళ్లు లేకపోతే ఈ కార్లకి మంచి సస్పెన్షన్ అనేదే వచ్చేది కాదు. చెడ్డ రోడ్డు కారుకి శత్రువైతే, ఆ కారు చేసినవాడు పని పూర్తి చేయలేదన్నమాట.

ఇక ప్రభుత్వాల దగ్గరికి వద్దాం. యూరప్ కారు మీద మోజులో అవి మనకేమీ తీసిపోవు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖకి ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ వస్తోందని చాటింపు వేసి, వశిష్ఠ వాహన్ అనే కంపెనీకి 11 కోట్లు కట్టింది. దానికీ మాకూ సంబంధం లేదని జర్మన్లు చెప్పాక అందరూ నోళ్లు తెరిచారు. తెర వెనక పేరు స్కోడాలో పెద్ద ఉద్యోగం చేసిన హెల్ముట్ షుస్టర్‌ది. కేసు సీబీఐ దాకా వెళ్లింది. ఫ్యాక్టరీ పుణె పక్కన చాకన్‌కి వెళ్లింది. ఆ చాకన్‌లో తయారైన పోలోలే తర్వాత దేశమంతా ర్యాలీల్లో దుమ్ము రేపాయి. మన వాటాకి దుమ్ము కూడా రాలేదు.

2023 ఫిబ్రవరి 11న ఇంకో సంబరం. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ. దేశంలో ఆ చాంపియన్‌షిప్‌కి మొదటి రేసు, విద్యుత్ కార్లు, విదేశీ డ్రైవర్లు, ఫ్రాన్స్ వాడు జాన్ ఎరిక్ వెర్న్ విజేత. మరుసటి ఏడాది రేసు ప్రభుత్వం మారాక రద్దయింది. దాదాపు 55 కోట్ల చెల్లింపుల మీద 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి, అది నా పని కాదు. నా ప్రశ్న వేరే. ఆ రేసు వల్ల ఈ నగరంలో ఒక్క కుర్రాడు కొత్తగా స్టీరింగ్ పట్టాడా? ఒక్క మెకానిక్‌కి పని దొరికిందా? జనం నెక్లెస్ రోడ్ ట్రాఫిక్‌ని తిట్టుకున్నారు, ప్రముఖులు టీవీలకి చేతులూపారు, సర్కస్ తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయింది. అందులో పదో వంతు డబ్బుతో పల్లెల్లో ఎన్నేళ్ల ర్యాలీ నడపొచ్చో లెక్క వేసినవాడు లేడు.

ర్యాలీకి స్టేడియం అక్కర్లేదు. ఉన్న రోడ్డుని కొన్ని గంటలు మూస్తారు. కార్లు ఒకదాని వెనక ఒకటి నిమిషాల తేడాతో బయల్దేరతాయి, ఒక్కొక్కటీ గడియారంతోనే పోటీ. డ్రైవర్ పక్కన కూర్చున్నవాడు ముందు రోజు నెమ్మదిగా తిరిగి రాసుకున్న నోట్సు చదువుతుంటాడు: ఎడమ మలుపు ఎంత ఇరుకు, గుట్ట దాటాక ఏముంది, ఎక్కడ రాయి. అతని మాట మీద నమ్మకంతో డ్రైవర్ కనపడని మలుపులోకి కారుని తోస్తాడు. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి వెళ్లేటప్పుడు మాత్రం అదే కారు మామూలు ట్రాఫిక్‌లో, మామూలు నంబర్ ప్లేటుతో, మామూలు రూల్స్ పాటిస్తూ పోవాలి. అక్కడ స్పీడు దాటితే శిక్ష పడుతుంది. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ తొక్కకూడదో ఒకే రోజు, ఒకే కారులో నేర్పే ఆట ప్రపంచంలో ఇంకోటి లేదు. మన కుర్రాళ్లకి కావాల్సిన చదువు సరిగ్గా అదే.

తమిళనాడు వాళ్లకి తెలుసు. కోయంబత్తూరు ర్యాలీ కేతనూరు గాలిమరల మధ్య మట్టిబాటల్లో జరుగుతుంది. కర్ణాటక వాళ్లకి తెలుసు. చిక్కమగళూరు కాఫీ తోటల్లో జాతీయ ర్యాలీ అంటే ఊరికి పండగ. మన హైదరాబాద్ నుంచి నవీన్ పుల్లిగిల్ల లాంటివాళ్లు జాతీయ చాంపియన్‌షిప్‌లో పోటీ పడుతున్నారు. ఆ పేరు మన స్పోర్ట్స్ పేజీలో వెతుక్కోవాలి. ఐపీఎల్‌లో నెట్ బౌలర్‌కి దొరికే చోటు కూడా దొరకదు.

"ప్రాణాలు పోతాయి" అంటారా? పోయాయి. దాచేదేమీ లేదు. 1986 మార్చిలో పోర్చుగల్‌లో అదుపు తప్పిన కారు జనంలోకి దూసుకుపోయి ముగ్గుర్ని చంపింది. ఆ మే నెల 2న కోర్సికాలో హెన్రీ టోయివోనెన్, అతని సహ డ్రైవర్ సెర్జియో క్రెస్టో లాన్సియాలో కాలిపోయారు. వెంటనే ఆ కార్ల తరగతినే, గ్రూప్ బిని, నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. మన దేశంలోనూ 2019 సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో, మూసిన స్టేజ్ మీదకి వచ్చిన మోటార్‌సైకిల్‌ని పోటీ కారు ఢీకొని ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. ఊరివాళ్లని ఒప్పించకుండా, ప్రతి పొలం గట్టు దగ్గరా మనిషిని పెట్టకుండా ర్యాలీ నడిపితే అది నేరమే. ఈ మాట ర్యాలీ అభిమానిగానే అంటున్నాను. కానీ తేడా గమనించండి. అక్కడ ఒక చావు జరిగితే విచారణ ఉంటుంది, నియమం మారుతుంది, కారు మారుతుంది. రోల్ కేజ్, ఐదారు పట్టీల బెల్టు, మెడకి కాపు, నిప్పు ఆర్పే సిలిండర్, స్టేజ్ మొదట్లోనే అంబులెన్సు అలాగే వచ్చాయి. ఔటర్ మీద చావుకి వచ్చేది ఒక సంతాప ఫ్లెక్సీ.

"డబ్బున్నవాళ్ల ఆట" అన్నది ఇంకో మాట. పైమెట్టు ఖరీదైనదే, ఒప్పుకుంటాను. కింది మెట్టు చూడండి. పాత పోలోలు, పాత జిప్సీలు, పాత బలేనోలు. జూబ్లీహిల్స్‌లో ఒక కారుకి వేయించే ఆడియో సిస్టమ్, ప్లాస్టిక్ పొర, ఫ్యాన్సీ నంబరు వేలం, ఈ మూడింటికీ పెట్టే డబ్బు కలిపితే ఒక పాత హ్యాచ్‌బ్యాక్‌ని ర్యాలీకి తయారుచేయొచ్చు. 9999 కోసం లక్షలు గుమ్మరించేవాడు ర్యాలీ ఖరీదు గురించి మాట్లాడకూడదు.

కాబట్టి అడుగుతున్నాను, బతిమాలడం లేదు. తెలంగాణలో, ఆంధ్రలో ఏడాదికి ఒక్కో వారాంతం ఇవ్వండి. వికారాబాద్ వైపు ఎర్రమట్టి బాటలున్నాయి, పని ఆగిపోయిన క్వారీ దారులున్నాయి. అనంతపురం వైపు రామగిరి గాలిమరల కింద, కోయంబత్తూరు వాళ్లు అసూయపడేంత జాగా ఉంది. రిజర్వ్ ఫారెస్టు జోలికి పోవద్దు. దారి మూసే ఊళ్లకి ముందే డబ్బు కట్టండి, పంటకి దుమ్ము పడితే పరిహారం ఇవ్వండి, గట్టు గట్టుకీ ఆ ఊరి కుర్రాళ్లనే మార్షళ్లుగా పెట్టి కూలి ఇవ్వండి. లక్ష లోపు ఖర్చుతో దిగగలిగే ఒక క్లాసు పెట్టండి, అందులో గగన్‌పహాడ్ మెకానిక్ కూడా పేరు ఇచ్చేలా. బెంగళూరు హైవే పొడుగునా అద్దాల షోరూములు కట్టుకున్న యూరప్ కంపెనీల చేత ఆ ఖర్చు పెట్టించండి. వాళ్ల దేశాల్లో వాళ్లు ఆ పనే చేసి పేరు తెచ్చుకున్నారు, ఇక్కడ ఎందుకు చేయరు? పబ్లిక్ రోడ్డు మీద రేసు కట్టినవాడి లైసెన్సు ఆ రోజే తీసేయండి. ఆడడానికి మైదానం ఇచ్చాక రోడ్డు మీద ఆడేవాడి మీద జాలి చూపాల్సిన పని ఎవరికీ లేదు.

కారు ఓనర్లకి కూడా ఒక మాట. మీ బండి గొప్పదని మీరు నిజంగానే నమ్ముతుంటే, బుష్ మార్పించండి, ప్లాస్టిక్ పొర పీకేయండి, హెల్మెట్ కొనుక్కోండి, మొదటి స్టేజ్‌కి పేరివ్వండి. పాత పోలోతో వచ్చిన డిప్లొమా కుర్రాడు మీకన్నా నిమిషం ముందు ఆ కొండ దిగితే అతని దగ్గరికి వెళ్లి, ఏ మలుపులో మీరు తప్పు చేశారో అడిగి తెలుసుకోండి. అడగడానికి నామోషీ అయితే ఆ కారు అమ్మేయండి. కొనేవాడు కనీసం దాన్ని నడుపుతాడు.